కనబడనిదల్లా లేనిదేనా?

ఒక వస్తువు ఒకచోట ఉన్నదని తెలుసుకోవడం కంటె, అది అక్కడ లేదని తెలుసుకోవడం చిక్కైన వ్యవహారమని భారతీయ దార్శనికులు ఏనాడో గుర్తించారు. ఉన్న వస్తువుతో కంటికి సంబంధం ఏర్పడుతుంది, ఆ సంబంధం వల్ల జ్ఞానం పుడుతుంది. లేని వస్తువుతో ఏ ఇంద్రియానికీ సంబంధం ఏర్పడే వీలు లేదు కనుక, "ఈ నేల మీద కుండ లేదు" అన్న జ్ఞానం ఏ సాధనం వల్ల కలిగిందనే ప్రశ్న మీమాంసకులకు, నైయాయికులకు, బౌద్ధ తార్కికులకు మధ్య శతాబ్దాల తరబడి వాదానికి ఆస్పదమైంది. ఈ వాదం శాస్త్ర గ్రంథాలతోనే ముగిసిపోయిన పాత సంగతి కాదు. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో, చాలా కౌంటీలలో రెండేళ్లకొకసారి జరిగే స్మాగ్ చెక్ అనే కాలుష్య తనిఖీకి, మరమ్మతు పూర్తయిన కారును తీసుకువెళ్లినప్పుడు అక్కడ తేలవలసినది కూడా ఇదే: దోషం కనబడలేదన్న మాటకూ దోషం లేదన్న మాటకూ మధ్య ఉన్న దూరాన్ని దేనితో పూడ్చాలి? ఆ రాష్ట్రపు నిబంధనలు ఇచ్చిన సమాధానానికీ, అభావజ్ఞానానికి, అంటే లేదన్న జ్ఞానానికి, భాట్ట మీమాంసకులు పెట్టిన షరతుకూ ఉన్న పోలిక పైపై పోలిక కాదనీ, రెండింటి వెనుకా ఒకే న్యాయం ఉన్నదనీ చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా యంత్రం సంగతి చెప్పుకోవాలి. అమెరికాలో 1990లో సవరించిన స్వచ్ఛ వాయు చట్టాన్ని అనుసరించి, 1996 మోడల్ నుంచి కార్లలోనూ తేలికపాటి ట్రక్కులలోనూ ఓబీడీ-టూ అనే స్వయం పరీక్షా వ్యవస్థ తప్పనిసరి అయింది. ఇంజిన్‌ను నడిపే కంప్యూటరే, పొగలోని విషవాయువులను అదుపు చేసే భాగాలు సక్రమంగా పనిచేస్తున్నాయో లేదో కూడా కనిపెడుతూ ఉంటుంది. ఈ కనిపెట్టే పనిని భాగాల వారీగా విడదీసి, ఒక్కొక్క భాగానికి ఒక్కొక్క పరీక్షను ఏర్పాటు చేశారు. ఆ పరీక్షకే మానిటర్ అని పేరు. సిలిండర్‌లో ఇంధనం సరిగా మండకపోవడాన్ని, అంటే మిస్‌ఫైర్‌ను, ఇంధన సరఫరాలోని తేడాలను ఇంజిన్ తిరుగుతున్నంతసేపూ గమనించే మానిటర్లు కొన్ని ఉన్నాయి. క్యాటలిటిక్ కన్వర్టర్‌ను, ఆక్సిజన్ సెన్సర్లను, పెట్రోలు ఆవిరి గాలిలో కలవకుండా పట్టి ఉంచే ఇవాప్ వ్యవస్థను ప్రత్యేకమైన పరిస్థితులు కుదిరినప్పుడు మాత్రమే పరీక్షించే మానిటర్లు మరికొన్ని ఉన్నాయి. చాలా దోషాల విషయంలో, మొదటిసారి కనబడిన దోషాన్ని కంప్యూటర్ పెండింగ్ కోడ్‌గా రాసి పెట్టుకుని ఊరుకుంటుంది. తర్వాతి ప్రయాణంలో అదే పరీక్ష జరిగి అదే దోషం మళ్లీ కనబడితే, అప్పుడు డ్యాష్‌బోర్డు మీద చెక్ ఇంజిన్ లైటు వెలిగించి, దోషానికి గుర్తుగా ఒక కోడ్‌ను స్థిరంగా నమోదు చేస్తుంది.

మెకానిక్ చెడిన భాగాన్ని మార్చి, స్కానర్ తగిలించి, ఆ కోడ్‌ను చెరిపేస్తాడు, లైటు ఆరిపోతుంది. ఇక్కడే అసలు చిక్కు మొదలవుతుంది. కోడ్ చెరిపిన క్షణంలోనే, ఆ రెండో రకం మానిటర్లు అంతకు ముందు పూర్తిచేసిన పరీక్షల ఫలితాలు కూడా చెరిగిపోయి, ఒక్కొక్కదాని ఎదుట "పూర్తి కాలేదు" అన్న స్థితి నమోదవుతుంది. బ్యాటరీ వైరు ఊడదీసినా చాలా కార్లలో ఇదే జరుగుతుంది. ఆ గంటలో ఆ కారును చూసినవారికి లైటు కనబడదు, కోడ్ కనబడదు, యంత్రం తన మీద ఏ ఫిర్యాదూ చెప్పదు. మరమ్మతు నిజంగా జరిగిన కారూ, ఏ మరమ్మతూ చేయకుండా కోడ్ మాత్రం చెరిపిన కారూ ఆ గంటలో ఒక్కలాగే కనబడతాయి.

వైశేషికులు అభావాన్ని, అంటే లేకపోవడాన్ని, ఏడో పదార్థంగా లెక్కించి నాలుగు విధాలుగా విభజించారు. వస్తువు పుట్టక ముందు ఉండే లేమి ప్రాగభావం. అది నశించాక ఏర్పడే లేమి ప్రధ్వంసాభావం. మూడు కాలాల్లోనూ ఉండే లేమి అత్యంతాభావం. ఒకటి మరొకటి కాకపోవడం అన్యోన్యాభావం. మరమ్మతు వల్ల కలగవలసినది దోషానికి సంబంధించిన ప్రధ్వంసాభావం. స్కానర్ మీట నొక్కడం వల్ల కలిగినది మాత్రం కోడ్‌కు సంబంధించిన ప్రధ్వంసాభావం. ప్రతి అభావానికీ ఒక ప్రతియోగి, అంటే "ఏది లేదు" అన్నప్పుడు ఆ "ఏది" అన్నదానికి సమాధానమైన వస్తువు, తప్పనిసరిగా ఉండాలని తార్కికులు పట్టుబట్టడానికి కారణం ఇటువంటి చోట్ల తేటతెల్లమవుతుంది: ప్రతియోగి పేరు చెప్పకుండా "ఇప్పుడేమీ లేదు" అన్నవాడు దోషం లేదంటున్నాడో, దోషపు జ్ఞాపకం లేదంటున్నాడో వినేవారికి తెలియదు, చాలాసార్లు అన్నవాడికీ తెలియదు.

భాట్ట మీమాంసకు మూలపురుషుడు, 7వ శతాబ్దికి చెందిన కుమారిల భట్టు తన శ్లోకవార్తికంలో అభావవాదం అనే ప్రకరణాన్ని కేటాయించి, అభావాన్ని తెలుసుకోవడానికి అనుపలబ్ధి అనే వేరే ప్రమాణం ఉన్నదని స్థాపించాడు. ఉపలబ్ధి అంటే తెలియడం, కనబడడం. అనుపలబ్ధి అంటే కనబడకపోవడం. ప్రమాణం అంటే సరైన జ్ఞానాన్ని పుట్టించే సాధనం. అద్వైతులు వ్యవహారంలో భాట్ట మార్గాన్ని అనుసరించారు కనుక, 17వ శతాబ్దిలో ధర్మరాజాధ్వరి రాసిన వేదాంత పరిభాషలో ఇది ఆరో ప్రమాణంగా స్థానం పొందింది. అయితే కనబడకపోవడం ఒక్కటే లేదని చెప్పడానికి చాలదు. చీకటి గదిలో కుండ కనబడదు, కన్ను మూసుకున్నవాడికి ఏదీ కనబడదు, పరమాణువు పట్టపగలు కూడా కనబడదు. వీటిలో ఏ ఒక్కటీ ఆ వస్తువు లేదనడానికి ఆధారం కాదు. అందుచేత అనుపలబ్ధికి యోగ్యత అనే విశేషణం చేర్చి, దానిని యోగ్యానుపలబ్ధి అన్నారు. వస్తువు అక్కడ ఉండి ఉంటే కనబడి తీరే పరిస్థితులన్నీ కూడి ఉండగా, అయినా కనబడకపోవడమే యోగ్యానుపలబ్ధి.

తెలుగువాడైన అన్నంభట్టు తర్కసంగ్రహానికి తానే రాసిన దీపికా వ్యాఖ్యలో అనుపలబ్ధిని వేరే ప్రమాణంగా ఒప్పుకోకపోయినా, యోగ్యత అన్న షరతును మాత్రం వదిలిపెట్టలేదు. కుండ ఇక్కడ ఉండి ఉంటే నేల కనబడినట్లే అదీ కనబడి ఉండేది, కనబడడం లేదు కనుక లేదు అన్న తర్కం తోడైనప్పుడే ఇంద్రియం అభావాన్ని గ్రహిస్తుందని ఆయన అభిప్రాయం. ఈ వాదంలో నేల ప్రసక్తి పైకి కనిపించేంత మామూలుది కాదు. నేల కనబడుతూ ఉండడమే, కన్ను తెరిచి ఉన్నదనడానికీ, వెలుతురు చాలినంత ఉన్నదనడానికీ, చూపు అడ్డులేకుండా ఆ చోటుకు చేరిందనడానికీ సాక్ష్యం. నేల కూడా కనబడని చోట కుండ గురించి నోరు విప్పే హక్కు ఎవరికీ లేదు. ఓబీడీ వ్యవస్థలో మానిటర్ పూర్తయిందన్న గుర్తు చేసే పని సరిగ్గా నేల చేసే పనే. ఆ గుర్తు దోషం లేదని చెప్పదు, ఉన్నదనీ చెప్పదు. చూడవలసిన చోటును, చూడదగిన పరిస్థితిలో, చూడడం జరిగిందని మాత్రం చెబుతుంది. దానికి కోడ్ లేకపోవడం తోడైనప్పుడు, అప్పుడే, "దోషం లేదు" అన్న మాటకు ప్రమాణబలం వస్తుంది.

యోగ్యత అన్న భావన ఎంత కచ్చితంగా ఉండవచ్చునో ఇవాప్ మానిటర్‌ను దగ్గరగా పరిశీలిస్తే బోధపడుతుంది. పెట్రోలు ట్యాంకులో పుట్టే ఆవిరి బొగ్గుపొడి నింపిన ఒక డబ్బాలోకి చేరి, తర్వాత ఇంజిన్‌లోకి వెళ్లి మండిపోవాలి. దారిలో ఎక్కడ చిన్న రంధ్రం ఉన్నా ఆ ఆవిరి నేరుగా గాలిలో కలుస్తుంది. 2000 ప్రాంతపు మోడళ్ల నుంచి అర మిల్లీమీటరు వ్యాసమున్న రంధ్రాన్ని కూడా పసిగట్టాలన్న నియమం క్రమంగా అమలులోకి వచ్చింది. అంత సన్నని రంధ్రాన్ని పట్టుకోవడానికి చాలా కార్లలో కంప్యూటర్ బయటి గాలి వచ్చే వాల్వును మూసి, ట్యాంకులో కొద్దిపాటి శూన్యాన్ని కల్పించి, అది ఎంతసేపు నిలుస్తుందో కొలుస్తుంది. ట్యాంకు నిండుగా ఉంటే ఆవిరికి చోటు చాలక కొలత తప్పుతుంది. మరీ ఖాళీగా ఉంటే ఆవిరి చోటు మితిమీరి మరో విధంగా తప్పుతుంది. పెట్రోలు వేడిగా ఉంటే అది ఆవిరవుతూ పుట్టించే ఒత్తిడి రంధ్రం వల్ల కలిగే మార్పును కప్పివేస్తుంది. అందువల్ల ట్యాంకు ఇంచుమించు 15 శాతానికీ 85 శాతానికీ మధ్య నిండి ఉండి, కారు రాత్రంతా కదలకుండా ఉండి, ఇంజిన్ నీటి వేడిమి బయటి వేడిమికి దగ్గరగా వచ్చేదాకా కంప్యూటర్ ఆ పరీక్షను మొదలే పెట్టదు. పరగడుపున ఇవ్వవలసిన రక్తాన్ని భోజనం చేసి వచ్చినవాడి దగ్గర తీసుకోని పరీక్షాకేంద్రం పాటించే నియమం వంటిదే ఇదీ. అంకెలు కారును బట్టి మారవచ్చును గాని సూత్రం మారదు. చూపు నమ్మదగినది కాని వేళ చూడనే చూడకూడదని ఒక యంత్రానికి నేర్పగలగడం చిన్న విషయం కాదు, మనుషుల్లో చాలామందికి ఈ నిగ్రహం అలవడలేదు.

క్యాటలిటిక్ కన్వర్టర్ పరీక్షలో మరో విశేషం ఉంది. కంప్యూటర్ విషవాయువులను నేరుగా కొలవదు. కన్వర్టర్‌కు ముందు ఒకటి, తర్వాత ఒకటి ఆక్సిజన్ సెన్సర్లు ఉంటాయి. ముందరి సెన్సర్ సూచన ఎక్కువ తక్కువల మధ్య వేగంగా ఊగుతూ ఉండగా, కన్వర్టర్ ఆరోగ్యంగా ఉంటే అది ఆక్సిజన్‌ను తనలో నిలవ చేసుకుని విడుదల చేయడం వల్ల వెనుక సెన్సర్ సూచన నిలకడగా ఉంటుంది. వెనుకది కూడా ముందరిదానితో పాటు ఊగడం మొదలుపెడితే నిలవ శక్తి తగ్గిందనీ, అందుచేత శుద్ధి చేసే శక్తి తగ్గిందనీ కంప్యూటర్ నిర్ణయించి, మెకానిక్‌లకు సుపరిచితమైన పీ0420 కోడ్‌ను నమోదు చేస్తుంది. కనబడే లక్షణాన్ని బట్టి కనబడని స్థితిని ఊహించే ఈ పద్ధతి, పొగను చూసి నిప్పును గ్రహించే అనుమాన ప్రమాణమే. అంటే మానిటర్ పూర్తయి కోడ్ రాకపోయినా, తెలిసినది ఫలానా లక్షణం ఫలానా హద్దు దాటలేదని మాత్రమే. ఒక మానిటర్ పూర్తి కావడం మరో భాగాన్ని గురించి ఏమీ చెప్పదు. క్యాటలిస్టును చూసిన చూపు ఇవాప్ గొట్టాన్ని చూసినట్లు కాదు. "బండి అన్ని విధాలా బాగుంది" అన్న మాటకు ప్రతియోగి అనంతం కనుక దానికి యోగ్యానుపలబ్ధి అసాధ్యం. "ఈ భాగంలో, ఇంతకు మించిన ఈ దోషం లేదు" అన్న మాటకు అది సాధ్యం.

కోడ్ చెరిపినప్పటి నుంచి మానిటర్లు పూర్తయ్యే వరకు ఉండే వ్యవధిని ఏమని పిలవాలి? లోకవ్యవహారం ఉంది, లేదు అన్న రెండు గదులనే గుర్తిస్తుంది. కోడ్ లేని కారును రెండో గదిలోకి నెట్టేయడానికి తొందరపడుతుంది. బౌద్ధ తార్కికుడైన ధర్మకీర్తి ఇక్కడ కుమారిలుడితో సిద్ధాంతాల్లో ఎంత విభేదించినా, ఈ ఒక్క విషయంలో అంతే కఠినంగా మాట్లాడాడు: కనబడదగినది కనబడకపోవడం మాత్రమే నిషేధానికి హేతువు అవుతుంది, కనబడదగని స్థితిలో ఉన్నది కనబడకపోవడం సంశయానికి మాత్రమే హేతువు. సంశయం అంటే ఇక్కడ అనుమానపడడం కాదు, రెండు పక్షాల మధ్య నిర్ణయం లేకుండా నిలవడం. మానిటర్ పూర్తికాని కారును తిప్పి పంపే తనిఖీ కేంద్రం దాని మీద ఏ నేరమూ మోపడం లేదు. తెలియనిదాన్ని తెలిసినట్లు సంతకం చేయనంటున్నది, అంతే. దీన్ని యజమానులు అవమానంగా భావించడం సహజమే గాని, ప్రమాణశాస్త్రం దృష్టిలో ఇంతకంటె మర్యాదైన సమాధానం మరొకటి లేదు.

చట్టం ఈ కాఠిన్యాన్ని కొంత సడలించిన మాట నిజం. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ మార్గదర్శకాలు 1996 నుంచి 2000 వరకు వచ్చిన మోడళ్లకు రెండు మానిటర్లు, 2001 నుంచి వచ్చినవాటికి ఒకటి పూర్తికాకపోయినా తనిఖీకి అంగీకరించవచ్చునన్నాయి. కాలిఫోర్నియా మరింత బిగువుగా, 2000, ఆ తర్వాతి మోడళ్ల పెట్రోలు కార్లలో ఇవాప్ మానిటర్ ఒక్కటి మాత్రమే అసంపూర్తిగా ఉండడానికి ఒప్పుకుంటుంది. పైన చెప్పిన షరతులన్నీ కూడిరావడం వాతావరణాన్ని బట్టి రోజుల తరబడి కుదరకపోవచ్చునన్న కనికరం దీని వెనుక ఉంది. శాస్త్రం కోరే నిశ్చయానికీ, జీవనోపాధికి కారు అవసరమైన మనిషి ఇబ్బందికీ మధ్య ఇటువంటి సర్దుబాటు తప్పదు. అది సర్దుబాటు అని తెలిసి చేసినంతకాలం అందులో దోషం లేదు.

మోసానికి చోటు మాత్రం క్రమంగా ఇరుకవుతూ వచ్చింది. 2010 ప్రాంతం నుంచి వచ్చిన కార్లలో శాశ్వత కోడ్ అనే ఏర్పాటు ఉంది: అది స్కానర్‌తో చెరగదు, బ్యాటరీ తీసినా పోదు, దానికి సంబంధించిన మానిటర్ మళ్లీ నడిచి, దోషం కనబడలేదని తేలినప్పుడు కంప్యూటరే దానిని తొలగిస్తుంది. 2019 జూలై 1 నుంచి కాలిఫోర్నియా స్మాగ్ చెక్‌లో దీన్నీ చూస్తున్నారు. కోడ్ చెరిపిన తర్వాత కారు 200 మైళ్లు, అంటే సుమారు 320 కిలోమీటర్లు తిరిగి, ఇంజిన్ చల్లటి స్థితి నుంచి పూర్తిగా వేడెక్కడం 15 సార్లు జరిగి ఉంటే శాశ్వత కోడ్‌ను లెక్కలోకి తీసుకోరు; అన్ని అవకాశాలు ఇచ్చినా కుదరని పరీక్ష కోసం మనిషిని అంతులేకుండా తిప్పకూడదన్న ఆలోచన అందులో ఉంది. దోషాన్ని మరచిపోయే అధికారం దోషికీ వద్దు, మరమ్మతుదారుకూ వద్దు, జరిగిన పరీక్షకు మాత్రమే ఉండాలన్న ఈ ఏర్పాటు, ప్రాయశ్చిత్తం గురించి ధర్మశాస్త్రకారులు చేసిన చర్చలను చదివినవారికి కొత్తగా తోచదు: పాపాన్ని ప్రకటించడం ఒక అంగమే గాని, నియత కాలం వ్రతాన్ని ఆచరించి తీరవలసిందేనని వారూ అన్నారు.

తనిఖీ కేంద్రంలో జరిగేదాన్ని గమనిస్తే మరో ప్రశ్న తలెత్తుతుంది. 2000, ఆ తర్వాతి మోడళ్ల కార్లకు 2015 నుంచి కాలిఫోర్నియాలో పొగగొట్టం పరీక్ష మామూలుగా లేదు. కారు లోపలి ప్లగ్గుకు వైరు తగిలించి కంప్యూటర్‌ను అడగడమే ప్రధానమైన పరీక్ష. అంటే తనిఖీదారు ఆ వేళ ఏ దోషాన్నీ, ఏ దోషాభావాన్నీ చూడడం లేదు. గతంలో ఎప్పుడో రోడ్డు మీద జరిగిన పరీక్షలను గురించి యంత్రానికి ఉన్న జ్ఞాపకాన్ని వింటున్నాడు. కుమారిలుడు అభావం ప్రత్యక్షం కాదనడానికి చెప్పిన ఉదాహరణ దీనికి ఆశ్చర్యకరంగా దగ్గరగా ఉంది. ఒకచోటును చూసి వచ్చినవాడిని తర్వాత మరెక్కడో ఉండగా "అక్కడ పులి ఉన్నదా?" అని అడిగితే, అంతకుముందు పులి మాటే తలచుకోకపోయినా, చూసిన చోటును గుర్తు చేసుకుని "లేదు" అని నిశ్చయంగా చెప్పగలడు, కన్ను అప్పుడు అక్కడ లేదు, అయినా జ్ఞానం కలిగింది. కారు కంప్యూటర్ స్థితి ఇదే. ఇక దాని మాటను విన్న తనిఖీదారుకు కలిగేది శబ్దప్రమాణం వల్ల వచ్చిన జ్ఞానం, అంటే చెప్పినవారి మాట వల్ల కలిగినది. మాట ప్రమాణం కావాలంటే చెప్పినవాడు ఆప్తుడై ఉండాలి. వస్తువును సరిగా ఎరిగి, ఎరిగినది ఎరిగినట్లు చెప్పదలచినవాడే ఆప్తుడని న్యాయభాష్యకారుడైన వాత్స్యాయనుడు లక్షణం చెప్పాడు.

యంత్రానికి ఆప్తత్వం ఎక్కడిది అన్న ప్రశ్నకు 2015 సెప్టెంబరు 18న లోకానికి ఒక చేదు సమాధానం దొరికింది. ఫోక్స్‌వ్యాగన్ సంస్థ తన డీజిల్ కార్లలో, పరీక్ష జరుగుతున్నదని పసిగట్టి ఆ కాసేపు మాత్రం కాలుష్య నియంత్రణను పూర్తిగా పనిచేయించే సాఫ్ట్‌వేర్‌ను అమర్చిందని ఆ రోజు అమెరికా ప్రభుత్వం నోటీసు ఇచ్చింది. రోడ్డు మీద ఆ కార్లు విడిచిన నైట్రోజన్ ఆక్సైడ్లు కొన్ని సందర్భాల్లో అనుమతించిన హద్దుకు 40 రెట్ల వరకు ఉన్నాయని తేలింది. వెస్ట్ వర్జీనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు కొలిచే పరికరాలను కారులోనే పెట్టుకుని రోడ్ల మీద తిరగడం వల్ల ఆ గుట్టు బయటపడింది. ఎరిగినది ఎరిగినట్లు చెప్పాలన్న సంకల్పం యంత్రానికి ఉండదు; అది యంత్రాన్ని చేసినవారి సంకల్పమే. ఆ సంకల్పం కలుషితమైనప్పుడు యోగ్యత అనే షరతు కూడా బయటి రూపానికే పరిమితమవుతుంది.

అలాగైతే ప్రతి పరీక్షకూ మరో పరీక్ష, దానికి ఇంకో పరీక్ష కావాలి కదా, ఈ అనవస్థకు అంతెక్కడ అన్న ఆక్షేపణ రావచ్చు. అనవస్థ అంటే ఒక కారణానికి మరో కారణం వెతుకుతూ ఎక్కడా నిలవలేకపోవడం. నైయాయికులు జ్ఞానపు ప్రామాణ్యం పరతః, అంటే బయటి ఆధారం వల్ల తెలుస్తుందన్నారు. ఆ జ్ఞానాన్ని నమ్మి చేసిన పని సఫలమైతే అది సరైనదని నిర్ధారణ అవుతుంది. కుమారిలుడు ప్రామాణ్యం స్వతః, అంటే జ్ఞానంతోనే వస్తుందనీ, దాన్ని కొట్టివేసే మరో జ్ఞానం గాని, దాన్ని పుట్టించిన సాధనంలో దోషం ఉన్నదన్న జ్ఞానం గాని కలిగేదాకా నిలుస్తుందనీ అన్నాడు. శంక కలిగిన చోట పరీక్షించాలి, అయితే మూడు నాలుగు జ్ఞానాలకు మించి వెళ్లవలసిన పని ఉండదని కూడా చెప్పాడు. చెక్ ఇంజిన్ లైటు వెలిగిన తర్వాత వరుసగా మూడు ప్రయాణాల్లో పరీక్ష జరిగి దోషం కనబడకపోతే కంప్యూటరే దాన్ని ఆర్పివేస్తుంది. ఆ అంకె కలవడం కాకతాళీయమే, దాని నుంచి ఏ సిద్ధాంతమూ లాగకూడదు. పరీక్షకు హేతుబద్ధమైన ముగింపు ఉండాలన్న వివేకం మాత్రం రెండు చోట్లా ఒకటే.

సాధనంలోని దోషాన్ని కనిపెట్టే పని అతి సాదాగా జరిగే చోటు ఒకటి ఉంది. తాళం తిప్పి ఇంజిన్ ఇంకా స్టార్టు చేయని స్థితిలో చెక్ ఇంజిన్ లైటు వెలగాలి. వెలగకపోతే ఆ కారు స్మాగ్ చెక్‌లో తప్పుతుంది. వెలగగలిగిన లైటు వెలగకపోతేనే దానికి అర్థం ఉంటుంది; బల్బు పీకేసిన లైటు ఆరిపోయి ఉండడం దేనికీ సాక్ష్యం కాదు. యోగ్యత అన్న భావనకు ఇంతకంటె చిన్న, ఇంతకంటె స్పష్టమైన ఉదాహరణ శాస్త్రగ్రంథాల్లో కూడా దొరకడం కష్టం.

ఇదే న్యాయం దైవం విషయంలో ఎలా వర్తించిందో చూడకుండా ఈ చర్చ పూర్తికాదు. 10, 11 శతాబ్దుల సంధికాలానికి చెందిన నైయాయికుడు ఉదయనుడు న్యాయకుసుమాంజలిలో, ఈశ్వరుడు కనబడడు కనుక లేడన్న చార్వాకుడికి ఈ యోగ్యతతోనే సమాధానం చెప్పాడు. కనబడకపోవడమే లేకపోవడమైతే, ఇల్లు విడిచి బయటికి వెళ్లిన చార్వాకుడు ఆలుబిడ్డలు కనబడలేదు కనుక లేరని గుండెలు బాదుకుని ఏడవాలే గాని తిరిగి ఇంటికి రాకూడదు. ఈశ్వరుడు ఇంద్రియాలకు గోచరించదగినవాడే కాడు కనుక, ఇంద్రియాలకు గోచరించకపోవడం ఆయన లేడనడానికి సాధకం కాదు. ఈ వాదంలోని బలం కాదనలేనిది. దాని హద్దును కూడా అంత స్పష్టంగానే గుర్తించాలి: అయోగ్యమైన అనుపలబ్ధి "లేడు" అన్న తీర్పును కొట్టివేస్తుంది గాని "ఉన్నాడు" అన్న తీర్పును ఇవ్వదు. ఈ సంగతి ఉదయనుడికి తెలుసు, అందుకే ఈశ్వరుణ్ణి స్థాపించడానికి ఆయన కార్యకారణభావం వంటి వేరే అనుమానాలను ఆశ్రయించాడు. యోగ్యానుపలబ్ధిని అంత శ్రద్ధగా నిర్వచించిన కుమారిలుడు స్వయంగా సృష్టికర్తను అంగీకరించినవాడు కాడు. ఒకే షరతును ఆస్తికుడూ, సృష్టికర్తను ఒప్పుకోని మీమాంసకుడూ, బౌద్ధుడూ ఒక్కలాగే శిరసావహించడం చూస్తే, అది ఏ ఒక్క మతానికో పక్షపాతం చూపే నియమం కాదని తేలుతుంది.

ఈ షరతు ఇంత ముఖ్యం కావడానికి లౌకికమైన కారణం కూడా ఉంది. 1943లో లాస్ ఏంజెలెస్ నగరాన్ని కళ్లు మండించే పొగమంచు వంటిది కప్పినప్పుడు దాని మూలం ఎవరికీ తెలియలేదు. 1950ల తొలి ఏళ్లలో ఆరీ హాగెన్-స్మిట్ అనే శాస్త్రవేత్త, వాహనాల నుంచీ చమురు శుద్ధి కర్మాగారాల నుంచీ వచ్చే హైడ్రోకార్బన్లు, నైట్రోజన్ ఆక్సైడ్లు ఎండలో కలిసి ఓజోన్‌ను పుట్టిస్తున్నాయని చూపాడు. ఊపిరితిత్తులను పాడుచేసే వాయువులలో చాలావాటికి పొగగొట్టం దగ్గర రంగు లేదు, ఆకారం లేదు. నల్లటి పొగ రావడం లేదు కనుక బండి శుభ్రంగా ఉన్నదనడం అయోగ్యానుపలబ్ధికి సరైన ఉదాహరణ. తెలుగు రాష్ట్రాల్లో ఈ భ్రమ బలంగానే ఉంది. 2020 ఏప్రిల్ 1 నుంచి భారత్ స్టేజ్-6 ప్రమాణాలు వచ్చి, కొత్త బండ్లలో ఓబీడీ ఉన్నా, పొల్యూషన్ సర్టిఫికెట్ కోసం జరిగే పరీక్ష పెట్రోలు బండ్లలో ప్రధానంగా కార్బన్ మోనాక్సైడ్‌ను, హైడ్రోకార్బన్లను, డీజిల్ బండ్లలో పొగ సాంద్రతను కొలుస్తుంది. నైట్రోజన్ ఆక్సైడ్లను అది చూడనే చూడదు. చూడనిదాన్ని గురించి ఆ కాగితం ఏమీ చెప్పడం లేదని గ్రహించాలి.

కాలిఫోర్నియాలో స్థిరపడిన వేలాది తెలుగు కుటుంబాలకు స్మాగ్ చెక్ ఇంటి పనుల్లో ఒకటి. రిజిస్ట్రేషన్ గడువు ముంచుకొచ్చిన వేళ మరమ్మతు చేయించి, కోడ్ చెరిపించి, ఆ సాయంత్రమే తనిఖీకి తీసుకుపోయి, "దోషమేదీ లేదు కదా, ఎందుకు తప్పించారు?" అని బాధపడడం చాలామందికి ఎదురయ్యే అనుభవం. దీనికి మందు ఓపిక తప్ప మరొకటి కాదు: గడువుకు కొన్ని వారాల ముందే మరమ్మతు చేయించి, ట్యాంకును సగం దగ్గర ఉంచి, రాత్రంతా నిలిపిన కారును ఉదయం స్టార్టు చేసి, కొంతసేపు ఊళ్లోనూ కొంతసేపు హైవే మీద నిలకడ వేగంతోనూ, కారు తయారీదారు చెప్పిన డ్రైవ్ సైకిల్ ప్రకారం కొన్ని రోజులు నడపాలి. మామూలు ధరకు దొరికే స్కానర్‌తో మానిటర్లు పూర్తయ్యాయో లేదో ఇంటి దగ్గరే చూసుకోవచ్చు. ఆ నడిపే రోజుల్లో లైటు మళ్లీ వెలిగితే నిరాశపడనక్కరలేదు, దాగి ఉన్న దోషం కనబడడానికి తగిన పరిస్థితి కుదిరిందని తెలుసుకుంటే చాలు. మరమ్మతు చేసేవారికి ఒక విన్నపం: బిల్లు మీద "దోషం పోయింది" అని రాయడానికి బదులు, "ఫలానా భాగం మార్చాము, కోడ్ చెరిపాము, మానిటర్లు ఇంకా పూర్తికాలేదు" అని రాసి ఇవ్వండి.